ఊరి బండ దగ్గర భూమి పాఠం: రాళ్ల నడక నిర్వహించాలనుకునే వారికి సమగ్ర మార్గదర్శి

2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు ప్రాంతంలో భూమి కంపించింది. రిక్టర్ స్కేలుపై 5.3గా నమోదైంది. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఆ కదలిక తెలిసింది. ఆ రోజు చీకటి పడేదాకా నాకు తెలిసినవాళ్లు అడిగిన ప్రశ్నలు రెండే. మళ్లీ వస్తుందా? వస్తే ఎప్పుడు? ఇలా అడిగినవాళ్లలో తాతల కాలం నుంచి బొగ్గు గనుల్లో పనిచేస్తున్న కుటుంబాల వాళ్లున్నారు, పొలంలో నాలుగైదు బోర్లు వేయించిన రైతులున్నారు. భూమి లోపలితో ఇంత సంబంధం ఉన్న మనుషులకు ఆ లోపల ఏముందో వాళ్ల మాటల్లో చెప్పినవాళ్లు లేరు. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

భూవిజ్ఞానం జనానికి చేరాలంటే నాకు తెలిసిన మంచి దారి రాళ్ల నడక. ఇరవై మందిని వెంటబెట్టుకుని, ఊరి చివర గుట్ట దాకా నడిచి, అక్కడి బండ మీద చెయ్యి పెట్టించి మాట్లాడడం. హైదరాబాద్‌లో 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఇలాంటి నడకలు జరుపుతూ వస్తోంది. దీన్ని ఏ ఊళ్లోనైనా చేయవచ్చు. సైన్సు ఉపాధ్యాయులు, గ్రంథాలయం నడిపేవారు, యువజన సంఘాలు, చదువుకున్న రైతులు, ఎవరైనా నడపవచ్చు. ఎలాగో మొదటి నుంచి చెబుతాను.

మొదటి అడుగు: ఊరు అడుగుతున్న ప్రశ్నను పట్టుకోండి

నేను జరిపిన మొదటి నడకను భూమి పుట్టుకతో మొదలుపెట్టాను. అరగంట గడిచేసరికి సగం మంది చెట్టు నీడకు చేరారు. వాళ్లను తప్పుపట్టలేం. వాళ్లెవరూ అడగని ప్రశ్నకు నేను జవాబు చెబుతున్నాను.

ప్రతి ఊరికీ భూమి గురించి ఒక సొంత ప్రశ్న ఉంటుంది. నల్లగొండ జిల్లా పల్లెల్లో అది ఫ్లోరైడ్ నీరు. అనంతపురం వైపు బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయన్నది. ములుగు, భద్రాచలం ప్రాంతంలో భూకంపం. భీమునిపట్నం దగ్గర ఎర్రమట్టి దిబ్బలు ఎందుకు కోసుకుపోతున్నాయన్నది. నడకకు వారం ముందు టీ కొట్టు దగ్గర, పాల కేంద్రం దగ్గర, పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని వినండి. అక్కడ రెండుమూడు సార్లు వినిపించిన ప్రశ్నే మీ నడకకు వెన్నెముక. అక్కడ మొదలుపెడితే 250 కోట్ల సంవత్సరాల వెనక్కి తీసుకెళ్లినా జనం మీతో వస్తారు.

రెండో అడుగు: రాళ్లకు ఊళ్లో ఉన్న పేర్లు రాసుకోండి

పాఠ్యపుస్తకంలో అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని ఉంటుంది. పరీక్ష అయిపోగానే మరిచిపోయే మాటలివి. మన ఊళ్లలో అంతకంటే గట్టి పదసంపద ఉంది. పలుగురాయి అంటే చాలు, తెల్లగా మెరుస్తూ, కొడితే నిప్పురవ్వలు రాల్చే రాయి అని అందరికీ తెలుసు. క్వార్ట్జ్ అదే. నాపరాయి అంటే బేతంచెర్ల, తాండూరు వైపు దొరికే సున్నపురాయి. ముగ్గురాయి అంటే మంగంపేటలో తవ్వే బైరటీస్. మొరం అంటే చివికిపోయిన రాయి. అభ్రకం, సుద్ద, రేగడి, చెలక, ఒండ్రు, ప్రతి మాటలోనూ ఒక పరిశీలన దాగి ఉంది.

బావులు తవ్వినవాళ్లను, రాళ్లు కొట్టే పనివారిని తప్పకుండా కలవండి. ఏ రాయి ఎటు పగులుతుందో, ఎన్ని అడుగుల కింద మొరం ఆగి గట్టి బండ తగులుతుందో వాళ్లకు తెలిసినంత ఖచ్చితంగా ఊళ్లో మరెవరికీ తెలియదు. వాళ్లను నడకకు పిలవండి. ఒకచోట మాట్లాడించండి. ఉలి పట్టిన మనిషి రాతిలో వాటం ఎటు ఉందో చెయ్యి పెట్టి చూపిస్తే, మీరు చెప్పే పది వాక్యాలూ అక్కర్లేదు.

మూడో అడుగు: మీరు ముందు చదువుకోండి, ఒంటరిగా నడిచి రండి

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 1851 నుంచి పనిచేస్తోంది. దాని ‘భూకోశ్’ పోర్టల్‌లో మీ ప్రాంతపు భూగర్భ పటం చూడవచ్చు. భూగర్భ జల శాఖ దగ్గర మీ మండలపు నీటిమట్టాల లెక్కలుంటాయి. ఈ రెండూ చేతిలో ఉంటే పునాది పడినట్టే. తర్వాత నడవబోయే దారిలో ఒకసారి ఉదయం పూట మీరొక్కరే వెళ్లిరండి.

ఒకటిన్నర కిలోమీటరుకు మించని దారి, ఐదారు మజిలీలు చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా ముగించాలి. ఏటవాలు వెలుగులో రాతి మీది గీతలు, పొరలు చక్కగా కనబడతాయి. పనిచేస్తున్న క్వారీలోకి ఎవరినీ తీసుకెళ్లకండి. బండల పక్కన తేనెపట్టులున్నాయేమో, పాత దిగుడుబావులున్నాయేమో ముందే చూసుకోండి. అటవీ భూమి అయితే అనుమతి తీసుకోండి. సుత్తి మాత్రం ఇంట్లోనే ఉంచండి. చూపించడానికి వెళ్లినవాళ్లం పగలగొట్టి రాకూడదు.

సంచిలో ఉండాల్సినవి: ఒక భూతద్దం, ఇనుప మేకు, నీళ్ల సీసా, రెండు నిమ్మకాయలు, ఒక నాపరాతి ముక్క, 46 మీటర్ల తాడు.

నాలుగో అడుగు: కాలాన్ని తాడు మీద పరచండి

భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. ఈ అంకె చెబితే ఎవరికీ ఏమీ అనిపించదు. అందుకే ఆ తాడు. ఒక మీటరుకు పది కోట్ల సంవత్సరాలు, ఒక సెంటీమీటరుకు పది లక్షలు, ఒక మిల్లీమీటరుకు లక్ష. పాఠశాల మైదానంలోనో, చెరువు కట్ట మీదో తాడు పరిచి ఒక కొస ‘ఈరోజు’ అని చెప్పండి.

ఆ కొస నుంచి 66 సెంటీమీటర్ల దగ్గర దక్కను లావా. ఆదిలాబాద్, జహీరాబాద్ వైపు నల్లరేగడికి మూలం ఆ లావా చల్లారి ఏర్పడిన రాయే. సుమారు 1.8 మీటర్ల దగ్గర, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో ఎముకలు దొరికిన డైనోసార్లు. అక్కడి కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. 2.8 మీటర్ల ప్రాంతంలో సింగరేణి బొగ్గుగా మారిన అడవులు. 19 మీటర్ల దగ్గర కడప ప్రాంతాన్ని కప్పిన పురాతన సముద్రం. 25 మీటర్ల దగ్గర హైదరాబాద్ గ్రానైట్. ఒక్కొక్క చోట ఒక్కొక్క పిల్లను నిలబెట్టి ఆ పేరు పెట్టండి.

ఇప్పుడు మళ్లీ ‘ఈరోజు’ కొసకు రండి. నంద్యాల జిల్లా జ్వాలాపురం మట్టిలో ఒక బూడిద పొర ఉంది. సుమత్రాలో 74 వేల ఏళ్ల కిందట బద్దలైన టోబా అగ్నిపర్వతం నుంచి వచ్చి పడిన బూడిద అది. తాడు మీద దాని చోటు ఒక మిల్లీమీటరు కూడా లేదు. మనిషి జాతి మొత్తం మూడు మిల్లీమీటర్లు. ఇది విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడరు. మీరూ మాట్లాడకండి.

మహిళా సంఘాల వారితో వెళ్లినప్పుడు ఇదే లెక్కను చీరల్లో చెబుతాను. ఐదున్నర మీటర్ల చీరలు ఎనిమిది కొంగుకు కొంగు ముడివేసి, చివర ఇంకో ఒకటిన్నర మీటర్ల గుడ్డ కలిపితే భూమి వయసు. గ్రానైట్ ఐదో చీర మధ్యలో. డైనోసార్లు అంతరించింది మొదటి చీర కొంగులోనే.

ఐదో అడుగు: ఒక్క బండ దగ్గర చాలాసేపు ఆగండి

పది రకాల రాళ్లు చూపించాలన్న ఆశ అందరికీ ఉంటుంది. దాన్ని అణచుకోండి. ఒక్క బండను పూర్తిగా చదివితే జనానికి చూడడం వస్తుంది. తెలంగాణలో ఎక్కువ చోట్ల, రాయలసీమలో చాలా చోట్ల ఆ బండ గ్రానైటే అవుతుంది.

ముందు నీళ్లు పోయించండి. తడిసిన రాయి రంగులు విప్పుతుంది. గాజులా కనిపించేది పలుగు. గులాబీ రంగులోనో, పాలరంగులోనో పలకల్లా మెరిసేది ఫెల్‌స్పార్. నల్లటి చుక్కలు అభ్రకం జాతివి. మేకుతో పలుగు మీద గీయమనండి, గీత పడదు. అదే మేకుతో నాపరాయి మీద గీస్తే తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నటి నురగ పొంగుతుంది. గ్రానైట్ మీద పిండితే ఏమీ కాదు. మొదటిది ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నం, రెండోది భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున కరిగి ఉండి మెల్లగా గట్టిపడిన రాయి. మెల్లగా చల్లారింది కాబట్టే గింజలు కంటికి కనబడేంత పెరిగాయి.

ఆ తర్వాత అసలు ప్రశ్న వేయండి. ఈ గుండు మీద ఆ గుండును ఎవరు పెట్టారు?

జవాబులు వస్తాయి. భీముడు పెట్టాడంటారు. వరదకు దొర్లుకొచ్చిందంటారు. అగ్నిపర్వతం విసిరిందంటారు. అన్నీ వినండి. భీముడి కథ చెప్పిన పెద్దాయనను కథ పూర్తిగా చెప్పనివ్వండి. ఆ కథ ఆ బండను తరాలపాటు ఊరి జ్ఞాపకంలో ఉంచింది, అది చిన్న సేవ కాదు. తర్వాత బండ మీద నిలువుగా, అడ్డంగా ఉన్న పగుళ్లను వేలితో చూపించండి. రాయి పైకి వచ్చే క్రమంలో మీది బరువు తగ్గి పగుళ్లు పడ్డాయి. వాటిలోకి వాననీరు దిగింది. ఒక దిమ్మకు ముఖం మీద ఒకవైపు నుంచే నీటి దెబ్బ తగులుతుంది, అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. అందుకే మూలలు ముందు చివికి, దిమ్మ గుండ్రంగా తేలుతుంది. చివికిన మొరం వానలకు కొట్టుకుపోయింది. గుండ్లు ఉన్నచోటే మిగిలాయి. అవి ఎక్కడి నుంచీ రాలేదు, చుట్టూ ఉన్నదే పోయింది.

ఈ మాట అర్థమైన క్షణం మనుషుల ముఖాల్లో తెలిసిపోతుంది. గుండ్ల పక్కన ఉల్లిపొరల్లా ఊడుతున్న రాతి పెచ్చును చూపిస్తే, ఆ పని ఈ రోజుకూ జరుగుతోందని వాళ్లే అంటారు.

మీది గ్రానైట్ ప్రాంతం కాకపోతే మీ రాయికీ ఇంతే గొప్ప కథ ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కింద పాత గ్రానైట్, పైన ఇసుక పొరలు గట్టిపడిన రాయి ఒకదాన్నొకటి తాకుతున్న చోటు కనిపిస్తుంది. ఆ రెంటి మధ్య కోట్లాది సంవత్సరాల చరిత్ర లేదు, పుస్తకంలో పుటలు చిరిగిపోయినట్టు. కొండకు వెళ్లే భక్తులు ఆ గీత పక్క నుంచే ప్రయాణిస్తారు. బస్సులో ఒక్కరు దాన్ని చూపించినా చాలు.

ఆరో అడుగు: నీళ్ల దగ్గరికి రండి

మన దగ్గర భూవిజ్ఞానం అంటే చివరికి నీళ్లే. ఈ మజిలీకి ఎక్కువ సమయం ఉంచుకోండి.

మూడు పళ్లేలు తీసుకోండి. ఒకదానిలో మొరం నింపండి, ఒకదానిలో పగుళ్లు లేని గ్రానైట్ పలక, మరొకదానిలో దగ్గర దగ్గరగా పేర్చిన రాతి ముక్కలు. ఒక్కో గ్లాసు నీళ్లు పోయండి. మొరం పీల్చుకుంటుంది. పలక మీద నీరు పొర్లిపోతుంది. ముక్కల సందుల్లోకి దిగుతుంది, అదీ సందులు ఉన్నంతవరకే. గ్రానైట్ నేలలో నీటి నిల్వ అంతా ఇంతే. పైన మొరం పొర ఒక స్పంజి, కింద పగుళ్లు సన్నటి గొట్టాలు, ఆ కింద నీరు పట్టని రాయి. లోతుకు వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి, ఉన్నవీ బిగుసుకుపోతాయి. అందుకే మూడు వందల అడుగుల దగ్గర పడని నీరు వెయ్యి అడుగుల దగ్గర పడుతుందన్న ఆశ చాలాసార్లు అప్పుగానే మిగులుతుంది. ఈ వాక్యం చెప్పేటప్పుడు గొంతు తగ్గించండి. మీ ఎదుట ఉన్నవారిలో ఆ అప్పు తీరుస్తున్నవారు ఉండవచ్చు.

పాతాళగంగ ప్రశ్న ఇక్కడ తప్పకుండా వస్తుంది. భూమి లోపల నది పారుతోందని, దానికి బోరు తగిలితే చాలని చాలామంది నమ్మకం. కొట్టిపారేయకండి, చోటును బట్టి చెప్పండి. సున్నపురాయిని నీరు కరిగిస్తుంది కాబట్టి అక్కడ నిజంగానే లోపల దారులు ఏర్పడతాయి. బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా అలా ఏర్పడినవే, వాటిలో అన్నిటికంటే లోతైన చోటి పేరు పాతాళగంగే. గ్రానైట్‌లో మాత్రం అలాంటి నది లేదు, పగుళ్లే ఉన్నాయి.

కొబ్బరికాయతోనో, వేపపుల్లతోనో నీళ్లు చూసే పెద్దమనిషి ఊళ్లో ఉంటే ఆయన్ని అవమానించే పని పెట్టుకోకండి. జాగ్రత్తగా జరిపిన పరీక్షల్లో పుల్లల పద్ధతి గాలివాటం కంటే మెరుగని తేలలేదు, ఈ సంగతి నిజాయితీగా చెప్పాలి. దానితోపాటే ఆయన్ని అడగండి: పుల్ల తీయకముందు ఏం చూస్తారు? చెట్ల పచ్చదనం, నేల వాలు, వాగు దారి, నల్లరాతి గట్టు అని చెబుతారు. అవి మంచి పరిశీలనలు. నల్లరాతి గట్టు, అంటే గ్రానైట్‌ను చీల్చుకుని గోడలా నిలిచిన డోలరైట్, నేల లోపల ఆనకట్టలా పనిచేసి ఒకవైపు నీటిని ఆపగలదు. రెండో వైపు బోర్లు ఎండుతాయి. పక్కపక్క పొలాల్లో ఒకరికి నీళ్లు పడి ఇంకొకరికి పడకపోవడం అదృష్టం కాదని అప్పుడు తెలుస్తుంది.

ఫ్లోరైడ్ ప్రాంతంలో అయితే చెప్పాల్సినది ఇంకొకటి ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ వల్ల ఎముకలకూ పళ్లకూ వచ్చే జబ్బును, మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు గ్రానైట్ రాతిలోనే ఉంటాయి. పగుళ్లలో ఎక్కువకాలం నిలిచిన నీరు వాటిని కరిగించుకుంటుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు. పోదు, నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. ఒక్క నడకలో ఈ ఒక్క తప్పు సరిదిద్దినా మీ ఉదయం వృథా కాలేదు.

ఏడో అడుగు: భూకంపం ప్రశ్నకు సిద్ధంగా ఉండండి

ఏ నడకలోనైనా ఎవరో ఒకరు అడుగుతారు. మూడు విషయాలు స్పష్టంగా చెప్పగలగాలి.

ఫలానా రోజు ఫలానా గంటకు భూకంపం వస్తుందని చెప్పగల విద్య ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. తేదీతో వచ్చిన సందేశం ఫోనులో కనిపిస్తే అది అబద్ధం, ఎవరి పేరుతో వచ్చినా సరే. సునామీ సంగతి వేరు. సముద్రం కింద భూమి కదిలాక అల ఒడ్డుకు చేరడానికి సమయం పడుతుంది. ఆ వ్యవధిలో హెచ్చరించడానికే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల సంస్థ)లో 2007 నుంచి కేంద్రం పనిచేస్తోంది.

రెండోది, మన నేల పూర్తిగా కదలనిదేమీ కాదు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర భూమి కంపించింది. గోదావరి వెంట నేల ఒకప్పుడు చీలి, పొడవాటి పల్లంగా కుంగింది. ఆ పల్లంలో పేరుకున్న అడవుల శిథిలాలే బొగ్గయ్యాయి. ఆ పాత చీలికల వెంట ఒత్తిడి అప్పుడప్పుడూ సడలుతుంది. సింగరేణి బొగ్గుకూ ములుగు ప్రకంపనకూ నేపథ్యం ఆ పల్లమే. ఈ ముడి విప్పితే గని కార్మికుల కుటుంబాలు ఎంత శ్రద్ధగా వింటాయో చూడండి.

మూడోది అంకెల గొడవ. గుడిగంట ఒక్కసారి మోగితే గర్భగుడిలో ఒకలా, ఊరి చివర ఒకలా వినిపిస్తుంది. గంట మోగిన బలం రిక్టర్ అంకె, అది ఒక్కటే ఉంటుంది. మీ ఇంట్లో తెలిసిన కుదుపు దూరాన్ని బట్టి, నేలను బట్టి మారుతుంది. ఆ అంకె ఒకటి పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. అందుకే 5.3కూ, 1993లో లాతూరు ప్రాంతాన్ని నేలమట్టం చేసిన 6.2కూ మధ్య దూరం వినడానికి కనిపించినంత చిన్నది కాదు.

మీకు తెలియనిది అడిగితే తెలియదని చెప్పండి, రాసుకోండి, వారంలోగా కనుక్కుని చెప్పండి. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది, విశ్వవిద్యాలయాల్లో భూగర్భశాస్త్ర విభాగాలున్నాయి. మర్యాదగా ఉత్తరం రాస్తే జవాబు చెప్పే శాస్త్రవేత్తలు అక్కడ ఉంటారు.

ఎనిమిదో అడుగు: నడక ముగిశాక ఒక పని అప్పగించండి

విన్నది వారంలో మరుగున పడుతుంది. కొలిచింది నిలుస్తుంది. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన పథకంలో రైతులే తమ బోర్లలో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు, ఊరందరూ కూర్చుని లెక్క వేసుకుని ఏ పంట వేయాలో ఆలోచించుకున్నారు. ఆ లెక్కలు చేసినవారిలో పెద్ద చదువులు లేనివారూ ఉన్నారు. నా దృష్టిలో తెలుగు నేల మీద భూవిజ్ఞానం జనం చేతికి అందిన గొప్ప సందర్భం అదే.

మీరు చిన్నగా మొదలుపెట్టండి. వాడకంలో లేని ఒక బావినో, మోటారు లేని ఒక బోరునో ఎంచుకోండి. పాఠశాల గోడ మీద ఒక పట్టిక గీయించండి. నెలకోసారి, ఒకే తేదీన, పొద్దున్నే చుట్టుపక్కల మోటార్లు వేయకముందు, కొలత గీతలు వేసిన తాడుకు ఇనుప బరువు కట్టి దింపండి. బరువు నీటిని తాకిన శబ్దం వినబడగానే తాడు మీద వేలు పెట్టి, పైకి తీసి, అంచు నుంచి ఎన్ని మీటర్లో చూడండి. తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగిస్తే ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుంటారు. బావి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక పెద్ద మనిషి వెంట ఉండాలి. మే నెల కొలతనూ నవంబరు కొలతనూ వేరే రంగు సుద్దతో రాయించండి. రెండో ఏడాది మే నెలలో పాత అంకె పక్కన కొత్త అంకె పడే రోజున ఊరివాళ్లను మళ్లీ పిలవండి. రెండో నడక ఆ గోడ దగ్గర మొదలవుతుంది.